ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు

బళ్లారి మదరాసు రాజధానిలో ఒక జిల్లాగా ఉన్న రోజులలో ఆ పట్టణం తెలుగు నాటకానికి పుట్టినిల్లువంటిది. ఆ కీర్తికి మూలపురుషుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన 1853లో జన్మించారు. బళ్లారిలో న్యాయవాదిగా పేరు గడించారు. సంస్కృతాంధ్రములతో పాటు కన్నడ, ఆంగ్ల భాషలలోనూ ప్రవేశం గల పండితులు.

పరభాషా నాటక సమాజములు వచ్చి ప్రేక్షకులను ఆకట్టుకొంటున్న కాలమది. తెలుగులోనూ అంతటి నాటకములు రావలెనన్న పట్టుదలతో ఆయన సరస వినోదినీ సభను నెలకొల్పారు. 1887లో ‘చిత్రనళీయము’ ప్రదర్శించారు. పద్యగద్యములకు పాటలను జోడించి, అంకములను రంగములుగా విభజించి నాటకమునకు కొత్త రూపు తెచ్చారు. నాటకం మంగళాంతమే కావలెనన్న సంప్రదాయమును కాదని ‘విషాద సారంగధర’ రచించారు. రచనతో తృప్తి చెందక తామే వేషము ధరించేవారు.

1891లో ఈ సభ మదరాసులో ఇచ్చిన ప్రదర్శనలు చూచి ఉత్తేజితులైన పమ్మల్ సంబంధ మొదలియారు అదే సంవత్సరం సుగుణ విలాస సభను స్థాపించారు. ఒక తెలుగువాని కృషి తమిళ నాటక రంగమునకు ఆ విధంగా దారి చూపింది. బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ దీటుగా నిలిచింది. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ తరువాతి తరములో నటుడిగా అఖండ ఖ్యాతి గాంచారు.

1912 నవంబరులో ఆచార్యులవారు పరమపదించారు. ఆయన నాటకములు అచ్చులో మిగిలినవి. ఆయన గొంతు, అభినయం మిగులలేదు. సమకాలికులు ఆయనను ఎట్లు తలచినారో తెలిసికొనుటకు నాటి పత్రికలే ఆధారం. అప్పటికి మచిలీపట్నం నుండి కృష్ణా పత్రిక, బొంబాయి నుండి వారపత్రికగా ఆంధ్రపత్రిక, మదరాసు నుండి ది హిందూ వెలువడుతున్నవి. ఆ డిసెంబరు సంచికలను వెదకి, ఆయన నిర్యాణమును గురించిన వార్తలను సేకరించి భద్రపరచుట మనకు తగిన పని. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయములలో పాత పత్రికలున్నవి. మన అటకల మీది ట్రంకుపెట్టెలలోనూ ఉండవచ్చును.

అట్టి పత్రిక దొరికినచో వార్తను మాత్రము కత్తిరింపరాదు. కత్తిరించినచో తేదీ, పత్రిక పేరు పోవును. జిగురు, టేపు అంటింపరాదు. మడతపెట్టక, ఎండ, తేమ తగులకుండ పూర్తి సంచికను దాచవలెను. పాత కాగితం మడత దగ్గరనే మొదట విరుగును.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను వారసత్వం మారదు. ఈ వజ్రోత్సవ వేళ పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు తలకొక పాత పెట్టె తెరచి చూచినచో, మన పిల్లలకు ఆ మహనీయుడు పేరుగా మాత్రమే గాక మనిషిగా పరిచయమగును.