జెన్నర్ గురువు జాన్ హంటర్

మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ గురించి మనమంతా సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. ఆయనకు వైద్యం నేర్పిన జాన్ హంటర్ పేరు మాత్రం మేం పదో తరగతి దాటేదాకా వినలేదు. రక్తనాళాల మీద అంత పనిచేసిన మనిషి చివరికి రక్తనాళాల జబ్బుతోనే పోయాడు. అదీ చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ల తరఫున మాట్లాడుతూ. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాం.

హంటర్ 1728 ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లోని లాంగ్ కాల్డర్‌వుడ్‌లో, వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. బడి అంటే గిట్టేది కాదు. పొలాల వెంట పక్షులను, పురుగులను చూస్తూ తిరిగేవాడు. పదమూడో ఏట తండ్రి పోయాడు. 1748లో లండన్ వెళ్లి, అక్కడ శరీర నిర్మాణశాస్త్రం బోధించే అన్న విలియం దగ్గర చేరాడు. శవాలను కోసి పాఠాలకు సిద్ధం చేయడం ఆయన పని. పుస్తకంలో ఎక్కని చదువు చేతిలో ఎక్కింది. పట్టా లేకుండానే సర్జన్ అయ్యాడు. కొంతకాలం సైన్యంలో పనిచేసి, 1768లో సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో చేరాడు.

ఆ శవాలు ఎక్కడివో కూడా చెప్పాలి. చాలావరకు రాత్రిపూట పేదల సమాధులు తవ్వి దొంగతనంగా తెచ్చినవే. చార్లెస్ బర్న్ అనే చాలా పొడవైన ఐర్లండ్ యువకుడు, తన శవం డాక్టర్ల చేతిలో పడకూడదని, సముద్రంలో కలిపేయమని కోరుకుని 1783లో చనిపోయాడు. హంటర్ డబ్బిచ్చి ఆ శవాన్నీ సంపాదించాడు. ఆ అస్థిపంజరాన్ని లండన్ మ్యూజియం ప్రదర్శన నుంచి తీసేసింది 2023లోనే. గొప్పవాడు కదా అని ఇది దాచడం మాకు ఇష్టం లేదు.

మోకాలి వెనక ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బే జబ్బు ఒకటుంది. అది పగిలితే ప్రాణాపాయం. అప్పట్లో చాలామందికి కాలు తీసేసేవారు. 1785 డిసెంబరులో గుర్రబ్బండి తోలే ఒకతను ఈ జబ్బుతో వచ్చాడు. హంటర్ ఉబ్బు జోలికి పోకుండా, తొడ దగ్గరే ధమనిని దారాలతో కట్టేశాడు. పెద్ద దారి మూసినా పక్కనున్న చిన్న నాళాలు వెడల్పై కాలికి రక్తం అందిస్తాయని ఆయన అంచనా. మత్తుమందు లేని రోజులవి. సుమారు ఆరు వారాల్లో ఆ బండివాడు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడు.

అప్పటికి పన్నెండేళ్లుగా హంటర్ తానే రోగి. 1773లో ఓ రోజు కడుపు పైభాగంలో నొప్పి మొదలైంది. మన ఇళ్లలో అయితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. నాడి చూసుకుంటే రెండు చేతుల్లోనూ దొరకలేదు. అద్దంలో చూసుకుంటే ముఖం శవంలా పాలిపోయి ఉంది. ముప్పావు గంటకు తగ్గింది. తర్వాత మళ్లీ మళ్లీ వచ్చింది.

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది కానీ, దాని కండరానికి రక్తం అందించేవి పైన అల్లుకున్న కరోనరీ ధమనులే. వాటి లోపలి పొర కింద కొలెస్ట్రాల్ చేరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు అక్కడే చిక్కుకుంటాయి. చుట్టూ నారలాంటి కణజాలం పెరుగుతుంది, కాల్షియం చేరి గట్టిపడుతుంది. కాలువలో పూడికలా దారి ఇరుకవుతుంది. ఇది ముసలితనంలో మొదలయ్యేది కాదు. మన వయసులోనే సన్నని కొవ్వు చారలుగా మొదలై ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది. పొగ, రక్తపోటు, మధుమేహం ఉంటే తొందరగా ముదురుతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం మెట్లెక్కితేనో, కోపమొస్తేనో సరిపోదు. అదే ఆంజైనా నొప్పి. పూడిక పైపొర చిట్లి రక్తం గడ్డకడితే దారే మూసుకుపోతుంది. అది గుండెపోటు. మెదడుకు వెళ్లే ధమని మూసుకుపోతే పక్షవాతం. కాలి ధమని ఇరుకైతే నాలుగడుగులకే పిక్కలు పట్టేస్తాయి.

ఇవేవీ హంటర్ కాలానికి తెలియవు. 1772లో ఇదే నొప్పితో పోయిన ఒకరి శవపరీక్ష ఆయనే చేశాడు, కారణం దొరకలేదు. దాని జాడ పట్టినవాడు శిష్యుడు జెన్నర్. ఒక శవపరీక్షలో జెన్నర్ కత్తికి గరగరమని ఏదో తగిలింది. పైకప్పు సున్నం పెచ్చు రాలిందేమోనని పైకి చూశాడట. తీరా చూస్తే గట్టిపడింది కరోనరీ ధమనే. 1777లో బాత్ నగరంలో గురువును కలిసినప్పుడు ఆయనదీ ఇదే జబ్బని జెన్నర్ గ్రహించాడు. మందు లేని జబ్బు. చెబితే గురువు కుంగిపోతాడని నోరు విప్పలేదు. ఆ సంగతి అచ్చు కూడా వేయలేదు. అది సరైన పనేనా అని మేం హాస్టల్లో చాలాసేపు వాదించుకున్నాం, తేలలేదు.

కోపం వస్తే నొప్పి వస్తుందని మాత్రం హంటర్‌కు బాగా తెలుసు. అయినా కోపం ఆగేది కాదు. 1793 అక్టోబర్ 16న ఆసుపత్రి బోర్డు సమావేశం జరిగింది. అంతకుముందు వైద్యం చదివినట్టు కాగితం లేనివారిని విద్యార్థులుగా చేర్చుకోరాదని అక్కడ నియమం పెట్టారు. స్కాట్లండ్ నుంచి అలా వచ్చిన ఇద్దరి కోసం హంటర్ మాట్లాడాడు. ఒక సభ్యుడు అడ్డు చెప్పాడు. హంటర్ కోపం దిగమింగుకుని పక్కగదిలోకి నడిచాడు, అక్కడున్న డాక్టర్ చేతుల్లో ఒరిగిపోయాడు. అరవై అయిదేళ్లు.

శవపరీక్షలో కరోనరీ ధమనులు ఎముకలా బిగుసుకుపోయి కనిపించాయి. మెదడుకు వెళ్లే ధమనుల్లోనూ అదే మార్పు ఉంది. జెన్నర్ అనుకున్నదే నిజమని హంటర్ బావమరిది ఎవరార్డ్ హోమ్ ఆయనకు ఉత్తరం రాశాడు.