భాష నేర్చింది... ప్రాణాలు నిలిపింది

పదకొండేళ్లకే మిల్లులో పని. సగం రోజు డ్యూటీ, సగం రోజు మిల్లు బడిలో చదువు. స్కాట్లాండ్‌లోని డండీలో మేరీ స్లెస్సర్ బాల్యం ఇలా గడిచింది. తండ్రి తాగుడుకు బానిస. ఆమె జీతమే ఇంటికి ఆసరా. పద్నాలుగేళ్లు వచ్చేసరికి రోజంతా మగ్గం దగ్గరే. అయినా పుస్తకం పక్కనే పెట్టుకుని చదివేది.

1876లో, 27 ఏళ్ల వయసులో మిషనరీగా ఇప్పటి నైజీరియాలోని కలబార్ చేరింది. అక్కడివాళ్ల ఎఫిక్ భాషను పట్టుబట్టి నేర్చుకుంది. వాళ్ల తిండే తింది, మట్టి ఇంట్లోనే ఉంది. పడవల మీద, కాలినడకన పల్లెలు తిరుగుతూ బడులు, చర్చిలు పెట్టింది.

1888లో ఒకోయాంగ్ ప్రాంతానికి మకాం మార్చింది. కవలలు పుడితే అరిష్టమని అప్పట్లో అక్కడ అడవిలో వదిలేసేవాళ్లు. తల్లినీ వెలివేసేవాళ్లు. మేరీ ఆ పసికందుల్ని తెచ్చుకుని సొంత బిడ్డల్లా పెంచింది. వాళ్లు కళ్లెదుటే పెరుగుతుంటే జనంలో భయం మెల్లగా సడలింది. ఊరి తగాదాలూ ఆమె దగ్గరికే వచ్చేవి. 1892లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను వైస్ కాన్సుల్‌గా నియమించింది. 1915లో ఆ నేల మీదే కన్నుమూసింది.

డిగ్రీ లేదు, పలుకుబడి లేదు. ఎదుటివాళ్ల భాషలోనే వాళ్ల మాట వినడం ఆమెకున్న పెద్ద స్కిల్. కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరే మనమూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.