చావు భయానికి ఎదురు నిలిచిన కుర్రాడు: రమణ మహర్షి

రాత్రి నిద్ర పట్టక, నేను చచ్చిపోతే ఎలా అనే భయం మీకెప్పుడైనా వచ్చిందా? 1896 జూలైలో మధురైలో వెంకటరామన్ అనే పదహారేళ్ల కుర్రాడికి వచ్చింది. ఒంట్లో జబ్బేమీ లేదు. నాన్న నాలుగేళ్ల క్రితమే పోయారు. బాబాయిగారింట్లో ఉండి చదువుకుంటున్నాడు.

ఆ భయానికి అతను ఎవర్నీ పిలవలేదు. మేడ మీద ఒక్కడే శవంలా బిగుసుకుని పడుకున్నాడు. ఊపిరి బిగబట్టి, పోయేది ఈ ఒళ్లా, నేనా అని లోపలికి చూసుకున్నాడు. ఒళ్లు పోయినా పోనిదే తానని తెలిసిపోయింది. చావు భయం మళ్లీ రాలేదు.

ఆరు వారాలకి, అన్నయ్య కాలేజీ ఫీజుకిచ్చిన 5 రూపాయల్లో 3 తీసుకుని, మిగతా 2 రూపాయలూ ఒక ఉత్తరమూ పెట్టేసి బయలుదేరాడు. సెప్టెంబర్ 1న అరుణాచలం చేరాడు. ఇంక ఆ కొండని వదల్లేదు.

1907లో మన తెలుగువారైన కావ్యకంఠ గణపతి ముని ఆయనకి రమణ మహర్షి అని పేరు పెట్టారు. నేనెవరు అనే విచారణే ఆయన బోధ. తన ఉపదేశసారాన్ని ఆయనే తెలుగులో కూడా రాశారు.

1922లో కన్నతల్లి ఆఖరి గడియల్లో, తల మీద ఒక చెయ్యి, గుండె మీద ఒక చెయ్యి వేసి పక్కనే కూర్చున్నారు. తన చేతికి కేన్సర్ గడ్డ లేచి, నాలుగు ఆపరేషన్లు అయినా దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14న దేహం వదిలారు.

ఈసారి అరుణాచలం వెళ్తే గిరిప్రదక్షిణతో వచ్చేయకండి. రమణాశ్రమంలో కాసేపు కూర్చుని, భయపడుతున్నది ఎవరో ఒక్కసారి చూసుకోండి.

ఓం నమో భగవతే శ్రీ రమణాయ.