బిడ్డ ఎందుకు దక్కలేదు? కారణాల చిట్టా రాసిన బెయిర్డ్

నెలలు నిండాక బిడ్డ కడుపులోనే చనిపోవడం, పుట్టిన మూడోనాడో నాలుగోనాడో కన్నుమూయడం... ఇలాంటి కష్టాన్ని మీ బంధువుల్లోనో, తెలిసినవారిలోనో చూసే ఉంటారు. చాలా ఇళ్లలో తలరాత అని సరిపెట్టుకుంటారు. కొన్ని ఇళ్లలో కోడలి మీద నింద వేస్తారు. ఈ రెండూ కాకుండా, అసలు కారణం ఏమిటని జీవితమంతా వెతికిన ప్రసూతి వైద్యుడు స్కాట్లాండ్‌కు చెందిన సర్ డూగల్డ్ బెయిర్డ్.

ఆయన 1899లో పుట్టారు. గ్లాస్గోలో వైద్యం చదివి, అక్కడి మురికివాడల్లో కాన్పులు చేశారు. ఎండ తగలక, సరైన తిండి లేక ఆ పేటల్లో ఆడపిల్లలకు చిన్నప్పుడే రికెట్స్ వచ్చేది. కటి ఎముకలు వంకరపోయేవి. పెద్దయ్యాక కాన్పు కష్టమై తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వచ్చేది. బిడ్డ మరణానికి బీజం ఒక్కోసారి తల్లి బాల్యంలోనే పడుతుందని అక్కడ ఆయన కళ్లారా చూశారు.

1937లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరారు. మరీ పెద్దది కాని ఆ నగరంలో గర్భిణుల వివరాలన్నీ ఒకచోట చేర్చడం వీలైంది. వయసు, ఎత్తు, ఎన్నో కాన్పు, భర్త చేసే పని... అన్నీ ఓపిగ్గా నమోదు చేయించారు.

1954లో వాకర్, థామ్సన్ అనే సహచరులతో కలిసి శిశుమరణాల కారణాలను వర్గీకరించారు. పోస్టుమార్టంలో బిడ్డకు ఊపిరాడలేదనో, మెదడులో రక్తస్రావమైందనో తేలుతుంది. అది చివర్లో జరిగిన సంగతి మాత్రమే. ఊపిరి ఎందుకు ఆడలేదు? తల్లికి బీపీ పెరిగిందా? కాన్పుకు ముందే మాయ విడివడి రక్తస్రావమైందా? కాన్పు కష్టమై బిడ్డ నలిగిపోయిందా? అవయవ లోపం ఉందా? తల్లీబిడ్డల రక్తం ఆర్‌హెచ్ పొసగలేదా? ఇలా మూలానికి వెళ్లడమే ఆయన పద్ధతి. ఎందుకంటే ఒక్కో మూలానికి నివారణ ఒక్కోలా ఉంటుంది. కారణం దొరకని మరణాలకు తోచిన పేరు పెట్టకుండా, కారణం తెలియనివిగానే విడిగా రాశారు.

ఈ లెక్కల్లో ఒక సంగతి బయటపడింది. పొట్టిగా ఉన్న తల్లుల్లో శిశుమరణాలు ఎక్కువ. అలాంటి తల్లులు పేద కుటుంబాల్లోనే ఎక్కువ. ఎదిగే వయసులో తిండి చాలకపోవడమే దీనికి ముఖ్య కారణమని బెయిర్డ్ భావించారు. వరుస కాన్పులతో నలిగిపోతున్న తల్లులకు కుటుంబ నియంత్రణ అందాలని గట్టిగా వాదించారు. ఆయన భార్య మే బెయిర్డ్ కూడా డాక్టరే, అబర్డీన్ కౌన్సిలర్‌గానూ పనిచేశారు. 1966లో ఆ నగరం దంపతులిద్దరినీ పౌర గౌరవంతో సత్కరించింది. బెయిర్డ్ 1986లో కన్నుమూశారు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన వర్గీకరణలోనూ బిడ్డ మరణ కారణంతో పాటు తల్లి పరిస్థితినీ తప్పనిసరిగా నమోదు చేయాలి.

మీ ఇంట్లో ఇలాంటి నష్టం జరిగితే, దుఃఖంలో ఉన్నా సరే, కారణం ఏమై ఉంటుందో డాక్టర్‌ను అడగండి. డిశ్చార్జి కాగితాల్లో రాయించుకోండి. మాయను పరీక్షించారా, తల్లి బీపీ, షుగర్, బ్లడ్ గ్రూపు ఎలా ఉన్నాయో తెలుసుకోండి. ఆ కాగితాలు పారేయొద్దు. మళ్లీ గర్భం వస్తే మొదటి చెకప్‌లోనే వాటిని చూపించండి. ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఒక్కోసారి ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకదు. అంతమాత్రాన తప్పు తల్లిదని కాదు. ఆ మాట ఆమెకు ముందుగా ఇంట్లోవాళ్లే చెప్పాలి.