చిత్తూరు వి. నాగయ్యగారి జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర వ్రాయుమని కార్యవర్గము వారు కోరినప్పుడు నేను చిత్తూరు నాగయ్యగారి పేరు చెప్పితిని. సభ్యులలో ఒకరిద్దరు ముఖముఖాలు చూచుకొనిరి. గ్రంథాలయము వారి సంచికలో సినిమా నటుని కథ ఏల యని వారి సందేహము. దానికి సమాధానము చెప్పక ముందుకు పోవుట మర్యాద కాదు.

బాల్యమున నేను పొరుగూరి తిరునాళ్ళలో వేసిన డేరా సినిమాలో ‘భక్త పోతన’ చూచితిని. నేల టిక్కెట్టు, ఇసుకలో కూర్చుండుట. ఎన్ని ఊళ్ళు తిరిగిన ఫిల్మో గాని బొమ్మ నిండ గీతలు పడి వానలో చూచినట్లుండెను, మాటిమాటికి తెగుచుండెను. అయినను సేద్యము చేసికొని బ్రతుకు ఒక కవి, రాజునకు కావ్యము అంకితమీయనని మెల్లని గొంతుతో చెప్పిన తీరు నా మనస్సున నాటుకొన్నది. నేను పెద్ద చదువు చదివినవాడను కాను. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. ఇరువది యైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము తెరచిన తొలి వారముననే చందా కట్టి నేను ఇంటికి తీసికొనిపోయిన మొదటి పుస్తకము పోతనగారి భాగవతము. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని పద్యము విడదీసికొనుచు గజేంద్రమోక్షము దాటుటకు నాకు మూడు నెలలు పట్టినది. నాగయ్యగారి కంఠము చెవిలో లేకున్నచో ఆ మూడు నెలలు ఓర్చియుండను. కావున నా ఋణము తీర్చుకొనుచున్నానని చదువరులు భావింతురు గాక.

ఆయన ఇంటిపేరు ఉప్పలదడియము. 1904 మార్చి 28వ తేదీన గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించెను. అందుచేత ఆయన మావాడని ఆ ప్రాంతమువారు అందురు. అనవచ్చును. కాని మనిషి పెరిగి, పాట నేర్చి, వేషము కట్టినది చిత్తూరులో. అప్పటికింకను మన జిల్లా పుట్టలేదు. చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణముగా నుండెను. 1911లో గాని మనకు ప్రత్యేక జిల్లా ఏర్పడలేదు. ఒక వీధిలో తెలుగు, మరియొక వీధిలో తమిళము వినబడు ఊరు. తరువాతి కాలమున ఆయన రెండు భాషలలోను ఎదురు లేక నటించుటకు ఆ వీధులే పాఠశాలలు. 2022లో జిల్లా మరల చీలి మనము తిరుపతి జిల్లావారమైతిమి గాని, నాగయ్యగారిని పంచుకొనుటలో మాత్రము ఏ చీలికయు లేదు.

చిత్తూరులో శ్రీరామవిలాస సభ అను నాటక సమాజముండెను. సన్నని రూపము, తీయని గొంతు గల బాలుడగుటచే నాగయ్యకు మొదట ఆడవేషములే దక్కినవి. ‘సారంగధర’లో చిత్రాంగి వేషము ఆయనకు పేరు తెచ్చినది. చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము గుమాస్తాగాను, ఆంధ్రపత్రికకు విలేఖరిగాను పనిచేసెను. 1930లో ఉప్పు సత్యాగ్రహపు గాలి వీచినప్పుడు అందును పాల్గొనెను. గుమాస్తా కుర్చీ విడిచి పాటను నమ్ముకొని పోయినవాడు కనుక, ఆ కుర్చీలోనే ముప్పదియేండ్లు గడపిన నాకు ఆయన యెడ గౌరవముతోపాటు కొంచెము అసూయయు కలదు.

1938లో హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన ‘గృహలక్ష్మి’ ఆయన తొలి చిత్రము. కన్నాంబ, కాంచనమాల అందు ప్రధాన పాత్రలు. నాగయ్యగారిది సంఘసంస్కర్త వేషము. కల్లు మానుమని ప్రజలకు బోధించుచు పాడిన పాట ఊరూర మ్రోగెను. ఆ చిత్రమునకు పనిచేసిన బి. ఎన్. రెడ్డిగారు వెలుపలికి వచ్చి, తాడిపత్రి మూలా నారాయణస్వామిగారి అండతో వాహినీ సంస్థను స్థాపించి, నాగయ్యగారినే నాయకునిగా తీసికొనిరి. 1939లో ‘వందేమాతరం’, 1940లో ‘సుమంగళి’, 1941లో ‘దేవత’ వచ్చినవి. నిరుద్యోగము, వరకట్నము, వితంతు వివాహము, పనిమనిషికి జరిగిన అన్యాయము – అంతవరకు పురాణములే చూచిన కన్నులకు ఇవి క్రొత్త కథలు. పులివెందుల సీమ నుండి బి. ఎన్. రెడ్డిగారు, తాడిపత్రి నుండి కె. వి. రెడ్డిగారు, చిత్తూరు నుండి నాగయ్యగారు. కరవు సీమవారికి కళ యెక్కడిదని ఎగతాళి చేయువారు ఈ మూడు పేర్లు ఒకసారి వ్రాసికొని చూడవలెను.

ఆ చిత్రములలో నాకు ఆశ్చర్యము గొలుపునది ‘సుమంగళి’. కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలపించు వృద్ధుని పాత్రను ముప్పదియారేండ్ల మనిషి ధరించెను. నెరసిన జుట్టు పెట్టుకొనుట ఎవరికైనను సాధ్యమే; ముసలివాని నిదానమును పెట్టుకొనుట కష్టము. ఆనాటి నటులలో పలువురు నాటకశాల చివరి వరుసకు వినబడవలెనను అలవాటుతో కెమెరా ఎదుటను కేకలు వేసెడివారు. మైకు దగ్గరనే యున్నది, గొంతు తగ్గించినను లోకము వినునని ముందుగా గ్రహించినవారిలో నాగయ్యగారు ఒకరు. సంగీతము కూడ పలు చిత్రములకు తామే కూర్చుకొనిరి. పాట ఎక్కడ ఆగి మాట ఎక్కడ మొదలైనదో తెలియనట్లుండుట అందుచేతనే.

ఇక భక్తుల చిత్రములు. యుద్ధకాలమున కె. వి. రెడ్డిగారు తొలిసారి దర్శకత్వము వహించి తీసిన ‘భక్త పోతన’ గొప్ప జయమును పొందెను. 1946లో ‘త్యాగయ్య’ను నాగయ్యగారే నిర్మించి, దర్శకత్వము వహించి, నటించి, పాడిరి. 1947లో మరల కె. వి. రెడ్డిగారి ‘యోగి వేమన’. మన ఊరి పెద్దలు పోతనకే మొదటి తాంబూలమిత్తురు. సంగీతము తెలిసినవారు త్యాగయ్యకు. నా ఓటు వేమనకు. ధనము మీద ధ్యాసతో వేమన, మిత్రుడు అభిరాముడు బంగారము చేయు ప్రయత్నములో మునిగియుండగా, ఇంట ప్రాణప్రదమైన అన్న కూతురు కన్నుమూయును. చేతికి బంగారము వచ్చినది, పిల్ల లేదు. ఆ సమయమున నాగయ్యగారి ముఖము చూడవలెను. ఏడ్పు లేదు, అరుపు లేదు. లెక్క అంతయు తప్పని తెలిసినవాని చూపు. అభిరాముడుగా ముదిగొండ లింగమూర్తిగారు ప్రక్కన నిలిచి ఆ చూపునకు బలము నిచ్చిరి. విడుదలైనప్పుడు ఈ చిత్రము పోతన వలె ధనము కురిపింపలేదు. చావు ఎదుట నిలబెట్టిన కథను జనులు రెండవసారి చూచుటకు జంకిరని నా ఊహ.

నాగయ్యగారిలో లోపములు లేవని నేను చెప్పను. ఆయన చిత్రములు నెమ్మదిగా నడచును. పాట మొదలైనచో కథ గడప మీద కూర్చుండిపోవును. కడపటి దశలో ధరించిన దుఃఖపు తండ్రి వేషములు కొన్ని ఒకే అచ్చున పోసినట్లుండును. నేటి యువకులు ‘లవకుశ’లోని వాల్మీకిని మాత్రమే చూచి, ఆయనను పుట్టు ముసలివాడనుకొందురు. వారు ‘స్వర్గసీమ’ను చూడవలెను. 1945లో వచ్చిన ఆ చిత్రమున, గుణవతియైన ఇల్లాలిని విడిచి రంగస్థలపు తళుకులకు లొంగిపోయిన మనిషిగా, భానుమతిగారి ప్రక్కన ఈ భక్తశిఖామణియే నటించెను. ఆ యేటనే తమిళ ‘మీరా’లో ఎమ్. ఎస్. సుబ్బలక్ష్మిగారి సరసన రాణాగా నిలిచెను. 1950లో ‘బీదలపాట్లు’, దాని తమిళ రూపములో, రొట్టె దొంగిలించి చెరసాల పాలైన ఫ్రెంచి నవలా నాయకుని మన మట్టిలో నాటెను.

ఇంతవరకు జమ. ఇకమీద ఖర్చు.

దక్షిణ దేశమున అందరికన్న ఎక్కువ పారితోషికము పొందిన నటులలో ఆయన ఒకరు. మదరాసులోని ఆయన ఇంట పొయ్యి చల్లారెడిది కాదని, వేషము కొరకు వచ్చిన వానికి వేషము దొరకకున్నను అన్నము దొరికెడిదని ఆయనను ఎరిగినవారందరును చెప్పిన మాట. అడిగినవానికి లేదనలేదు. ఇచ్చినది వ్రాసికొనలేదు. సొంతముగా చిత్రములు తీసెను. 1943లో రేణుకా సంస్థ పేర ‘భాగ్యలక్ష్మి’ని తీసిన నిర్మాత ఆయనయే, తెర వెనుక ఒకరు పాడి, తెర మీద మరియొకరు పెదవులు కదపు పద్ధతి తెలుగున ఆ చిత్రముతోనే స్థిరపడెను. రావు బాలసరస్వతీదేవిగారి గొంతు అట్లు వినబడెను. 1953లో తెలుగు తమిళములలో తీసిన ‘నా ఇల్లు’ దెబ్బ తీసెను. ఆ పేరు గల చిత్రముతో ఇల్లు కదలుట విధి చేసిన పరిహాసము.

అటుపిమ్మట ‘రామదాసు’. పోతన రాజు కానుకను కాదనెను, త్యాగయ్య శరభోజి పిలుపును కాదనెను, వేమన బంగారమును కాదనెను. గోపన్న వీరికి భిన్నుడు, ఆయన తహశీలుదారు. వసూలైన సర్కారు పైకముతో భద్రాద్రిలో గుడి కట్టించి గోలకొండ చెరలో పడెను. నా వంటి లెక్కలవాడు ఆ చిట్టాను తనిఖీ చేసినచో తానీషా వ్రాసినదే వ్రాయవలెను; వేరు దారి లేదు. అయినను భక్తి కథలన్నిటిలోను నన్ను నిద్రపోనీయనిది అదియే. నాగయ్యగారు ఆ కథను పట్టుకొని ఏండ్ల తరబడి పెనగులాడిరి. చేతనున్న పైకము, వేషములు వేసి తెచ్చిన పైకము, అప్పు తెచ్చిన పైకము అందులో పోసిరి. 1964 డిసెంబరులో చిత్రము వెలువడెను. రామారావు, నాగేశ్వరరావు, శివాజీ గణేశన్ వంటివారు ఆయన మీది గౌరవముతో చిన్న పాత్రలు ధరించిరి. కమలాంబగా నటించిన కన్నాంబగారు చిత్రము విడుదల చూడకయే ఆ యేడు మే నెలలో గతించిరి. గోపన్న బాకీని రామలక్ష్మణులు వచ్చి తీర్చిరని కథ. నాగయ్యగారి బాకీ తీర్చుటకు ఎవరును రాలేదు.

1965లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చెను. బిరుదము గోడకు, వేషము కూటికి. ఒకనాడు తాను నాయకుడుగా వెలిగిన మదరాసులోనే, తన చేతి అన్నము తిన్నవారు తీయు చిత్రములలో, ఇచ్చినంత పుచ్చుకొని రెండు మూడు దృశ్యములకు పనిచేసెను. అందులకు ఎవరిని నిందించినట్లును ఎచ్చటను చదువలేదు.

మా ఇంట నాగయ్య పేరు ఒక హెచ్చరికగా నుండెడిది. నేను ముప్పదియైదేండ్ల వయస్సున ఒక బంధువు అప్పునకు హామీ సంతకము చేసి, అతడు కట్టని వాయిదాలు ఏడేండ్లు నేను కట్టితిని. నాగయ్యవు కాబోతివా యని నా తల్లి, పిల్లలకు నాగయ్య కథ చెప్పవలసి వచ్చునని నా భార్య మందలించిరి. అటుపిమ్మట నేను ఎవరి పత్రము మీదను సంతకము పెట్టలేదు. అది సరియైన పనియే యని నేటికిని నా అభిప్రాయము. ఇంటిల్లిపాదికి చెందిన ధనమును అడిగినవానికెల్ల ఇచ్చుట మనిషి తన వారికి చేయు అన్యాయము. నాగయ్యగారు ఒక చిట్టా పెట్టుకొనియుండవలసినది, ఒక నమ్మకస్థుడైన గుమాస్తాను కూర్చుండబెట్టుకొనియుండవలసినది. గుమాస్తాగా పనిచేసిన మనిషి ఆ మాత్రము ఎరుగడా? ఎరిగియే వ్రాయలేదేమో. వ్రాసినచో అది ఋణమగును, అడుగవలసి వచ్చును. ఈ శంక వచ్చినది మొదలు, ఆవర్జాలో ఇతరుల బాకీలు దించుకొనునప్పుడు నా కలము ఒక్కొక్కమారు ఆగుచున్నది.

1973 డిసెంబరు 30వ తేదీన ఆయన మదరాసులో కన్నుమూసెను. చిత్తూరులో ఆయన పేర కళాక్షేత్రము కలదు. మనవారు నాటకములకు, సభలకు అక్కడికి పోవుచునే యున్నారు.

మదరాసు త్యాగరాయనగరములోని పానగల్ పార్కులోను ఆయన విగ్రహమున్నది. ఆ తోటకు మరియొక చరిత్ర కూడ కలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాటను నమ్ముకొని మదరాసు వచ్చిన క్రొత్తలో నిలువ నీడ లేక ఆ పార్కులోనే రాత్రులు గడపెను. ఆయన పాట విని బి. ఎన్. రెడ్డిగారును నాగయ్యగారును ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో పాడు అవకాశమిచ్చిరి, ‘త్యాగయ్య’లో, ‘యోగి వేమన’లో చిన్న వేషములు కూడ దొరకినవి. నాగయ్యగారు పోయిన ఆరు వారములకు, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాలవారును పోయిరి. తిరుపతి నుండి మదరాసు పోవు చందాదారులెవరైనను ఆ వైపు వెళ్ళినప్పుడు, అంగళ్ళ రద్దీ నడుమ నున్న ఆ తోటలోనికి ఒకసారి తొంగి చూడవలసినదిగా నా మనవి.