రెండో వరుస బల్లలు: ఆనంద గజపతి మహారాజు

కాలేజీ కామన్ రూముల్లో ఏటా కనబడే దృశ్యం ఒకటుంది. అంతర కళాశాలల పోటీలకు జట్టు ఎంపిక కాగానే చదరంగం బల్లలు ఆ నలుగురైదుగురి సొత్తయిపోతాయి. మిగతావాళ్లు వెనకాల నిలబడి, అడక్కపోయినా ఎత్తులు చెప్పి, చీవాట్లు తిని, బెల్లు కొట్టగానే క్లాసులకు వెళ్లిపోతారు. బాగా ఆడేవాడికి బల్ల ఇవ్వడం న్యాయంగానే తోస్తుంది. కాని బల్లే దొరకనివాడు బాగా ఆడటం ఎప్పుడు నేర్చుకుంటాడు? ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1883లో లండను మహానగరంలో ఇదే చిక్కు వస్తే, దాన్ని విప్పడానికి తోడ్పడిన చెయ్యి ఒక తెలుగు ప్రభువుది. ఆయన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. విజయనగరం అంటే తుంగభద్ర ఒడ్డున శిథిలాలుగా మిగిలినది కాదు. మన ఉత్తరాంధ్రలో, విశాఖపట్నానికి పొరుగున ఉన్నది.

ఆనంద గజపతి 1850లో జన్మించారు. తండ్రి విజయరామ గజపతిరాజు 1857లో విజయనగరంలో ఒక పాఠశాల పెట్టించారు. అది పెరిగి పెరిగి 1879 నాటికి కళాశాల అయింది. అదే ఏడు తండ్రి కాలం చేయగా ఆనంద గజపతి సంస్థానానికి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లైనా నిండలేదు. అంటే బడి కాలేజీ కావడం, కుమారుడు రాజు కావడం ఒకే సంవత్సరంలో జరిగాయన్నమాట.

ఆయన కొలువు విద్వాంసులతో, సంగీతకారులతో కళకళలాడేది. హరికథకు పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన ఆదరణ పొందినవారే. గురజాడ అప్పారావుగారు ఆ మహారాజా కళాశాలలోనే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పి, సంస్థానంలో రాజుకు ఆంతరంగికులయ్యారు. కన్యాశుల్కం 1892లో రంగస్థలమెక్కింది. 1897లో పుస్తకమై ఆనంద గజపతికే అంకితమైంది. ఆ నాటకం వెనుక ఒక లెక్క కూడా ఉంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని జరిపిన పెళ్లిళ్లెన్నో మహారాజు జాబితా రాయించారు. మూడేళ్లకుగాను 1034 తేలాయి. ఒక దురాచారాన్ని తిట్టి ఊరుకోకుండా ముందు లెక్కపెట్టి చూడమన్న మనిషి ఆయన. మాక్స్ ముల్లర్ ఋగ్వేద సంహిత రెండో ముద్రణ 1890-92 మధ్య వెలువడటానికి ఖర్చు భరించినదీ ఆయనే. మద్రాసు శాసనసభలో సభ్యులుగానూ ఉన్నారు.

ఇక చదరంగం సంగతి. 1883 ఏప్రిల్ నెలాఖరులో లండనులో ఒక పెద్ద అంతర్జాతీయ పోటీ మొదలైంది. పద్నాలుగుమంది ఉద్దండులు ప్రతివాడూ ప్రతివాడితో రెండేసి ఆటలు ఆడాలని నియమం. జూకర్‌టోర్ట్ 22 పాయింట్లతో మొదటివాడయ్యాడు. స్టైనిట్జ్ 19తో రెండోవాడు. ఆ ఇద్దరే 1886లో ప్రపంచ విజేత పదవికి తలపడ్డారు. ఎత్తు వెయ్యగానే ఒకరి గడియారం ఆగి రెండోవారిది నడిచే జంట గడియారాలు వాడుకలోకి వచ్చినదీ ఈ లండను పోటీలతోనే.

అయితే ఉద్దండులు పద్నాలుగుమందేనా ఆడేది? ఇంకా పేరు రానివాళ్ల మాటేమిటి? వాళ్ల కోసం పక్కనే మరో పోటీ పెట్టారు. అందులో ఇరవై ఆరుగురు ఆడారు. దాని పేరు విజయనగరం టోర్నమెంటు. మన మహారాజు పంపిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. ఈనాటికీ చదరంగ చరిత్ర పుస్తకాల్లో ఆ తెలుగు ఊరిపేరు, ఇంగ్లీషు స్పెల్లింగు వంకరలతోనే అనుకోండి, అలా నిలిచిపోయింది.

ఆ రెండో వరుస బల్లల దగ్గర కూచున్నవారెవరు? గెలిచినవాడు కర్ట్ ఫన్ బార్డలేబెన్ అనే జర్మను యువకుడు. వయస్సు 22, అంటే మన పీజీ విద్యార్థి ఈడు. తరువాత యూరపులో పేరున్న మాస్టర్లలో ఒకడయ్యాడు. అతనితో పాటు ఆడిన మరొకడు ఇసిడోర్ గున్స్‌బెర్గ్. ఇతని కథ ఇంకా వింత. ఆ రోజుల్లో లండనులో మెఫిస్టో అనే చదరంగపు బొమ్మ ఉండేది. జనం అది తనంతట తానే ఆడుతోందని నోరు వెళ్లబెట్టి చూసేవారు. నిజానికి ఇంకో గదిలో కూచుని దానిచేత ఎత్తులు వేయించినది గున్స్‌బెర్గ్. అలా బొమ్మ చాటున ఉన్న మనిషికి తన పేరుతో, తన ముఖంతో కూచుని ఆడేందుకు చోటిచ్చిన పోటీల్లో ఇదొకటి. ఏడేళ్లు తిరిగేసరికి, 1890లో, అతను న్యూయార్కులో స్టైనిట్జ్‌తో ప్రపంచ విజేత పదవి కోసం పోటీకి దిగాడు. గెలవలేదు. కాని అంతదాకా వెళ్లాడు.

చదువులో చదరంగానికి చోటెందుకని అడిగేవారికి ఇక్కడే సమాధానముంది. బంటుకు నడక ఒక్కొక్క గడే. మన పాత పద్ధతిలో ఏ వరుసలో చివరి గడి చేరితే ఆ వరుసకు చెందిన బలమౌతుంది: గుర్రం గడి చేరితే గుర్రం, ఏనుగు గడి చేరితే ఏనుగు. చేరేదాకా దాన్ని బతకనివ్వాలి, అంతే. ఓడిపోయాక ఏ ఎత్తులో దెబ్బ తిన్నామో వెనక్కి వెళ్లి వెతుక్కోవడం, తప్పు ఎదుటివాడి మీదికి నెట్టకుండా ఒప్పుకోవడం — ఇవి ఒక్క ఆటలో వచ్చేవి కావు. వంద ఆటలు ఓడాలి. వంద ఆటలు ఓడటానికి ఒక బల్ల, ఒక చోటు, కాస్త ఓపిక గల పెద్దలు కావాలి.

ఒక మాట దాచకూడదు. జమీందారు ఇచ్చిన విరాళం ఏదైనా చివరికి రైతు కట్టిన కిస్తులోనుంచి వచ్చినదే. కనుక ఆ దానాన్ని పొగిడేటప్పుడు ఆ రైతును మరిచిపోతే పొగడ్త సగమే అవుతుంది. ఆ సొమ్ము ఫలితం రైతుబిడ్డ ముందున్న బల్లదాకా చేరినప్పుడే లెక్క సరిపోతుంది.

ఆనంద గజపతి 1897లో, యాభై ఏళ్లు రాకుండానే, కన్నుమూశారు. ఆయన పోయిన 58 ఏళ్లకు, 1955లో, భారత జాతీయ చదరంగ పోటీలు మొట్టమొదటిసారి జరిగాయి. ఎక్కడ? బొంబాయిలోనూ కాదు, కలకత్తాలోనూ కాదు. విజయవాడనుంచి కృష్ణ కాలువ వెంట వెళితే వచ్చే మన ఏలూరులో. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సమానంగా నిలిచి విజేతలయ్యారు. 2002లో గుడివాడ ఆడపిల్ల కోనేరు హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. కృష్ణా డెల్టాలో ఈ ఆటకు నేల మంచిదే. నీరు పెట్టడమే మన పని.

విద్యార్థి సంఘానికి మహారాజుల ఖజానా లేదు, నిజమే. కాని జట్టుకు కొన్న బల్లలతో పాటు మరో నాలుగు బల్లలు కొనడానికి సంస్థానం అక్కర్లేదు. జట్టులో లేనివాళ్లకు ఏటా ఒక పోటీ పెడదాం. దానికి ఏం పేరు పెట్టాలో వేరే ఆలోచించనక్కర్లేదు. ఆ పేరు 1883లోనే పెట్టారు.