అడిగి తెలుసుకొని అడుగు వేసిన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

ప్రత్యేక సంచిక కోసం ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన కూడా మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి. ఆయన్ని ఆలస్యంగా చదివినందుకు నేను మూల్యం చెల్లించాను. ముందు ఆ సంగతి చెబుతాను.

నేను ఉండేది మొయినాబాదులో. నౌకరీలో సగం కాలం చేవెళ్ళ ఆఫీసులోనే గడిచింది. ఆ రోడ్డు వెంట మర్రిచెట్లు, వాటి కింద బస్సు కోసం నిలబడ్డ రోజులు మనలో చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. చిలుకూరు బాలాజీ గుడి మా మండలంలోనే ఉంది. హుండీ లేని ఆ గుడికి వీసా బాలాజీ అని పేరు వచ్చింది. మొదట 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. మేము కూడా అమెరికాలోని మా అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి మొక్కుకున్నాం. వీసా వచ్చింది. 108 ప్రదక్షిణలు తప్పకుండా లెక్కపెట్టి చేశాం. వెళ్ళే దేశం గురించి మాత్రం ఒక్క ముక్క కనుక్కోలేదు. అన్నీ అమ్మాయి చూసుకుంటుందిలే అనుకున్నాను.

అక్కడ ఒక మధ్యాహ్నం, అమ్మాయి, అల్లుడు పనికి వెళ్ళిన వేళ, నా భార్యకు గుండెల్లో నొప్పి వచ్చి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ దేశంలో ఆపదకు 911 నొక్కాలని నాకు తెలియదు. తెలిసినా మేమున్న ఇంటి నంబరు, వీధి పేరు చెప్పలేను. చెప్పులు కూడా లేకుండా మంచులో నడిచి పక్కింటి తలుపు కొట్టాను. ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. ఈమె ఏ మందులు వాడుతోందని అడిగితే పొద్దున తెల్లబిళ్ళ, రాత్రి గులాబీరంగు బిళ్ళ అని చెప్పాను. అంతకుమించి నాకు తెలిస్తే కదా! దేవుడి దయవల్ల ఆమె బతికి బయటపడింది. ఖర్చు దండగని ప్రయాణ బీమా తీసుకోలేదు కాబట్టి ఆసుపత్రి బిల్లు పిల్లల నెత్తిన పడింది. వాళ్ళు ఏళ్ళ తరబడి వాయిదాల మీద కట్టారు. తప్పు పూర్తిగా నాదే.

తిరిగి వచ్చాక ఒక స్నేహితుడు కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకం చదవమని ఇచ్చాడు. దాన్ని రాసింది వీరాస్వామయ్యగారు. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా దానికి పేరు.

ఆయన 1780 ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. చెన్నపట్నంలో కుంపిణీ దొరతనం బలపడుతున్న కాలం అది. ఇంగ్లీషు వచ్చిన వాడికి కొలువు దొరికేది. ఆయన పట్టుదలగా ఇంగ్లీషు నేర్చుకున్నారు. తెలుగు, అరవం ఎలాగూ వచ్చు. సంస్కృత గ్రంథాల పరిచయమూ ఉంది. క్రమంగా పైకి వచ్చి చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు అయ్యారు. ఒక భాషవాడి గోడు ఇంకో భాషవాడికి తప్పు లేకుండా చెప్పడం ఆ ఉద్యోగం. మాట పొరపాటైతే కక్షిదారుకు ఆస్తి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదనే అలవాటు ఆయనకు ఆ కుర్చీలోనే అబ్బి ఉంటుందని నా ఊహ.

యాభై ఏళ్ళ వయసులో ఆయన కాశీకి వెళ్ళాలని సంకల్పించారు. కోర్టులో సెలవు తీసుకొని 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరారు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే అప్పటికి రైలు మాటే లేదు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంట సామాను, కుటుంబం, పరివారం అన్నీ కలిసి దాదాపు 100 మంది. కాశీకి పోవడమంటే కాటికి పోవడమేనని జనం అనుకునే రోజుల్లో అంతమందిని తీసుకుపోయి క్షేమంగా ఇల్లు చేర్చే బాధ్యత ఆయన నెత్తిన పెట్టుకున్నారు.

ఇప్పుడు మనకు కాశీ పరదేశం కాదు. ఆనాడు ఆయన దారిలో ఎన్నో దొరతనాలు ఉన్నాయి. కడప దాకా కుంపిణీ సీమ. శ్రీశైలం చూసుకొని కృష్ణ దాటితే నైజాము రాజ్యం. ఆపైన నాగపూరు భోంసలేలది. ఒక్కోచోట ఒక్కో నాణెం, ఒక్కో కొలత, ఒక్కో సుంకం, ఒక్కో భాష. ఒక సీమలో చెల్లే రూపాయి పక్క సీమలో వట్టాలేనిదే చెల్లదు. తెలియకుండా అడుగుపెట్టినవాడు సుంకం చావడి దగ్గరా మోసపోతాడు, అంగట్లోనూ మోసపోతాడు.

అందుకని ఆయన ప్రతి మజిలీలోనూ ముందు మజిలీ సంగతి అడిగి తెలుసుకునేవారు. ఎన్ని కోసులు, దారి ఇసుకా రేగడా, నది దాటడానికి పడవ ఉందా, ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి సత్రమో తోపో ఉందా అని విచారించేవారు. విన్నదీ, ఆపైన కళ్ళారా చూసిందీ రాసి, చెన్నపట్నంలోని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపేవారు.

కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా ఆయన మన హైదరాబాదు వచ్చారు. వీధుల్లో జనం ఆయుధాలు ధరించి తిరగడం చెన్నపట్నం మనిషికి వింతగా తోచింది. అక్కడి మర్యాద ఏమిటో, ఎవరితో ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఒదిగి ఉండాలో గమనించి రాశారు. హుస్సేనుసాగరం, రెసిడెంటు దొరవారి భవనం గురించి కూడా రాశారు. మన చేవెళ్ళ, మొయినాబాదు ఆయన దారిలో పడలేదు. అయినా రెండు వందల ఏళ్ళ కిందటి మన సీమను తెలుసుకోవాలంటే ఆ పుటలు చదవాల్సిందే.

అక్కడి నుంచి నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ చేరి, కొంత దూరం గంగ మీద పడవల్లో సాగి, కాశీ, గయ, కలకత్తా చూశారు. ప్రయాగలో, గయలో కుంపిణీ వారు యాత్రికుల నుంచి పన్ను తీసుకునే కాలం అది. ఏ క్షేత్రంలో ఏం కట్టాలి, పండాలతో, గయావళీలతో ఎలా వ్యవహరించాలి, మాట ముందే ఎందుకు తేల్చుకోవాలి అన్నవి వెనక వచ్చేవారికి పనికొచ్చేలా వివరించారు. ఉత్తరాది బ్రాహ్మణుల ఆచారాలు మనవాటికి ఎక్కడెక్కడ వేరో, బంగాళంలో చేపలు తినే అలవాటు ఎలాంటిదో రాశారు. ఆయన అభిప్రాయాలన్నీ ఈనాడు మనకు నచ్చవు. కుంపిణీ పాలన మీద ఆయనకున్న నమ్మకం ఒక్కటి చాలు. కానీ పరాయి ఆచారం కనిపించినప్పుడు ముఖం తిప్పుకోకుండా దాని కారణం వెతకడం ఆయన పద్ధతి.

జగన్నాథం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరు దారిన తిరిగి 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. మొత్తం 15 నెలల పైన ప్రయాణం. ఆ తరువాత అయిదేళ్ళకు, 1836లో, ఆయన కన్నుమూశారు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. శ్రీనివాసపిళ్ళెగారు స్నేహధర్మంగా 1838లో దాన్ని ముద్రింపించారు. శతాబ్దం గడిచాక 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పరిష్కరించి, వివరాలు చేర్చి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఆ ఇద్దరి శ్రద్ధ లేకపోతే ఈ రోజు మనకు వీరాస్వామయ్యగారు లేరు.

పుస్తకం ముగించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ లేని కాలంలో, పటాలు అరుదైన కాలంలో ఆయన 100 మందిని నడిపించి తెచ్చారు. నేను ఒక్క మనిషిని, కట్టుకున్న భార్యను కూడా జాగ్రత్తగా తీసుకుపోలేకపోయాను. మా ఇద్దరికీ తేడా తెలివితేటల్లో లేదు. ఆయన అడిగారు, నేను అడగలేదు.

రెండోసారి బయలుదేరే ముందు నేను కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. అమ్మాయి ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి, ఒక కాపీ నా జేబులో, ఇంకొకటి నా భార్య సంచిలో పెట్టాను. 911 సంగతి రాసుకున్నాను. మందుల పేర్లు, మోతాదులు డాక్టరుగారి చేత ఇంగ్లీషులో రాయించి, బిళ్ళలు వాటి అట్టల్లోనే ఉంచాను. బీమా తీసుకుని, పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చదివించుకున్నాను. పచ్చళ్ళు, పొడులు ఏవైనా సరే, తినే వస్తువు ఉందని అక్కడి విమానాశ్రయంలో దాచకుండా చెప్పాలనీ, పండ్లు, విత్తనాలు, మాంసం అడ్డుకోవచ్చనీ తెలుసుకున్నాను. ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది వీసా మీది తేదీ కాదు, దిగిన రోజున వాళ్ళు ఇచ్చే గడువు అని అప్పుడే తెలిసింది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెలను క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టాను. పక్కింటి పెద్దావిడకు చేవెళ్ళలో కొన్న చేనేత శాలువా ఒకటి తీసుకుపోయాను. ముందు ఫోన్ చేసి, ఎప్పుడు రావచ్చో అడిగి మరీ వెళ్ళాను. అక్కడ అదే మర్యాద.

మొన్న మా మనవరాలు పైచదువుకు జర్మనీ వెళుతూ చిలుకూరులో 108 ప్రదక్షిణలు పూర్తి చేసింది. నేను గట్టు మీద కూర్చుని చూశాను. అయ్యాక ఆ నోటుబుక్కు తన చేతిలో పెట్టి, ఇది అమెరికాది, జర్మనీది నువ్వే రాసుకోవాలి తల్లీ అన్నాను. అప్పటికే సగం రాశానని తన పుస్తకం తీసి చూపింది. మొదటి పేజీలో చిరునామా, దాని కింద ఆపదకు పిలవాల్సిన నంబరు 112 రాసి ఉన్నాయి.

పిల్లల దగ్గరికి వెళ్ళబోయే మన సభ్యులు వీసాకు మొక్కుకోండి, తప్పు లేదు. ఒక నోటుబుక్కు కూడా కొనుక్కోండి. తిరిగి వచ్చాక దాన్ని తరువాత వెళ్ళే మిత్రుడికి ఇవ్వండి. వీరాస్వామయ్యగారు చేసింది అదే.